మొహం చాటేసిన ఉత్తరాలు

నరసాపురం,
వరలక్ష్మీ వ్రతం మర్నాడు.

బేబక్కకి,

లోవ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నా మొహం తప్ప అందరూ క్షేమం. అక్కడ నువ్వూ, బావగారూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

ఈ రోజుల్లో ఉత్తరం ఏంటి, దీనికి పిచ్చి పట్టిందా అనుకుంటున్నావు కదూ. నిన్న నువ్వు వీడియో కాల్ చేస్తే, పూజ హడావిడిలో చూసుకోలేదని మెసేజ్ పెట్టాను. అబద్ధం. ఫోను నా చేతిలోనే ఉంది. నీ ఫొటో వెలిగి ఆరిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. మామూలుగా మాట్లాడదామంటే, మా గదికీ వసారాకీ మధ్య ఉన్నది గుడ్డ తెర. గుసగుసలాడినా అత్తయ్య "ఎవరే ఫోనులో?" అంటుంది. ఉత్తరానికి మొహం ఉండదు, గొంతు ఉండదు. నాలాంటిదానికి ఇదే నయం. ఏడో తరగతితో ఆగిపోయిన రాత. తప్పులుంటే నవ్వుకో.

అక్కా, నా మొహం నిండా మొటిమలు. పెళ్లికి ముందు నుదుటి మీద ఆవగింజల్లా వచ్చేవి, అవి కావు. ఇవి దవడల కింద, గడ్డం చుట్టూ, మెడ దాకా వస్తున్నాయి. పైకి మొన ఉండదు. లోపల గోళీలా గట్టిగా ఉండి, పక్కకి తిరిగి పడుకుంటే నొప్పి పెడుతుంది. ఒకటి మానేసరికి పక్కన ఇంకోటి. మానిన చోట నల్లమచ్చ. నెలసరి ముందు మరీ ఎక్కువ. ఆ నెలసరి కూడా ఈ మధ్య రెండేసి నెలలకోసారి వస్తోంది, అది వేరే సంగతనుకో.

నిన్న పేరంటానికి లేసు పని పంచే సుబ్బాయమ్మగారు వచ్చింది. వాయనం ఇస్తుంటే నా గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పింది. "ఏమే లోవా, పెళ్లయి మూడేళ్లు దాటింది, ఇంకా ఈ మొటిమలేంటే? పెళ్లయితే పోవాలి కదా! మా ఉదయ్‌భాస్కర్ నీ వంక చూస్తున్నాడా లేదా?" అంది. గదంతా ఒకటే నవ్వు. అత్తయ్యా నవ్వింది. నవ్వి, ఆపేసి, నా వంక ఒక చూపు చూసింది. ఆ చూపు నన్ను ఒకచోట కూర్చోనివ్వడం లేదు.

పెళ్లయితే పోతాయని నువ్వే అన్నావు, నా పెళ్లిలో నలుగు పెడుతూ. మరి ఎందుకు పోలేదు? ఆయన మంచివాడే అక్కా. చూడకపోవడం అంటూ ఏమీ లేదు. కానీ అది నేను ఎవరితో చెప్పను? ఎలా చెప్పను? గడ్డం మీద ఒక మొటిమ ఉంటే చాలు, మా గదిలో సంగతులన్నీ తెలిసిపోయినట్టు మాట్లాడతారు.

అమ్మకి చెప్పకు. జవాబు రాయి. పోస్టుమాన్ వచ్చే వేళకి నేను అరుగు మీద లేసు అల్లుతూ ఉంటాను.

నీ చెల్లి,
లోవ

~

కడియం,
శ్రావణ బహుళంలో ఒక ఆదివారం.

లోవా,

నీ ఉత్తరం చూసి మీ బావ "ఎవరు పోయారే?" అని కంగారుపడ్డాడు. ఎవరూ పోలేదు, మా చెల్లి సిగ్గు ఇంకా పోలేదు అని చెప్పాను. రాత్రి గులాబీ అంట్ల లోడు వేసుకుని నాగపూర్ వెళ్లాడు. నర్సరీలో వానలకి ఒకటే పని. పాలిథిన్ సంచుల్లో మట్టి నింపి నింపి నా గోళ్లు చూస్తే నీకు భయమేస్తుంది.

సుబ్బాయమ్మ మాట పట్టుకుని ఏడుస్తావేంటే పిచ్చిదానా? ఆవిడ మొహం ఎప్పుడైనా చూశావా? అరవై దాటాయి, ఒక్క మొటిమ లేదు. వాళ్లాయన పోయి పదేళ్లయింది. మరి ఆ లెక్కేంటో అడుగు. నువ్వు అడగలేవులే. నన్ను అడగమంటే రైలెక్కి వస్తా.

పెళ్లయితే పోతాయన్నానా? మా అత్తగారు నాతో అంది, నేను నీతో అన్నాను. పెళ్లికి పోకపోతే పిల్లలు పుడితే పోతాయి. నాకు అలాగే పోయాయి. తలకి నూనె పెట్టుకున్నప్పుడు నుదుటి మీదకి కారనివ్వకు. గిల్లకు. పసుపు దట్టంగా పట్టించకు. ఇంతకీ ఇప్పుడు ఏమైనా రాస్తున్నావా? రాస్తుంటే ఏంటో రాయి. కుదిరితే రాజమండ్రి రా, పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు ఉంటారట, చూపిద్దాం.

ఈసారి వీడియో కాల్ ఎత్తు. నీ మొహం నాకు కొత్తా?

బేబి

~

నరసాపురం,
దసరా వెళ్లిన వారం.

అక్కా,

పోయాయి! అన్నీ పోయాయి!

నీ మరిది వాళ్ల షాపు నుంచి వేలెడంత ట్యూబు ఒకటి తెచ్చారు. ఆయన పనిచేసే మెడికల్ షాపు గున్నేశ్వరరావుగారిది, నీకు తెలుసుగా. "రాత్రిపూట రాసుకో లోవా. వారంలో చూడు" అన్నారు. వారం కూడా అక్కర్లేకపోయింది. మూడు రాత్రులకే గోళీలన్నీ కరిగినట్టు అణిగిపోయాయి. మచ్చలు పలచబడ్డాయి. మొహం తెల్లగా, నున్నగా అయింది. అద్దం వైపు చూడటం మానేసినదాన్ని, ఇప్పుడు తోమిన పళ్లెంలో కూడా చూసుకుంటున్నాను.

ఇదివరకు మధ్యాహ్నం ఆయనకి క్యారేజీ మా ఆడపడుచు చిన్ని పట్టుకెళ్లేది. ఇప్పుడు "నువ్వే తీసుకురా" అంటున్నారు. నేను కౌంటరు ముందు నిలబడి ఉండగా ఎవరైనా ఆడపిల్ల మొటిమలకి మందు అడిగితే, నా వైపు చెయ్యి చూపించి "మా ఆవిడండి. మొన్న శ్రావణంలో చూడాల్సింది ఈ మొహాన్ని" అంటారు. వాళ్లు నన్ను పైకీ కిందకీ చూస్తారు. ట్యూబు కొనుక్కుని వెళ్లిపోతారు. నాకు చచ్చేంత సిగ్గు. కానీ అక్కా, నలుగురిలో ఆయన నన్ను "మా ఆవిడ" అని చూపించడం ఇదే మొదటిసారి. ఇంటికొచ్చాక ఆ మాట మళ్లీ మళ్లీ అనుకుంటాను.

ఆయన కాలేజీలో మందుల చదువు చదవలేదు. కుర్రాడిగా చేరి, చూసి నేర్చుకున్నారు. అయినా వీధిలో అందరూ "డాక్టరుగారూ" అంటున్నారు. సుబ్బాయమ్మగారు కూడా వాళ్ల మనవరాలికి రెండు ట్యూబులు తీసుకెళ్లింది. చిన్ని అయితే "నాకూ పెట్టు వదినా" అని వెంటపడుతోంది.

అంతా బాగుంది. ఒక్కటే, ఏ రాత్రైనా రాసుకోవడం మర్చిపోతే తెల్లారేసరికి మొహమే గుర్తుచేస్తుంది. అది పెద్ద సంగతేం కాదులే.

లోవ

~

కడియం,
దీపావళి ముందు.

లోవా,

సంతోషం. కానీ నీ ఉత్తరంలో చివరి ముక్క నాకు నచ్చలేదు. మొహం గుర్తుచేయడమేంటి?

మా దగ్గర లారీ వచ్చే ముందు కొందరు మొక్కలకి యూరియా ఎక్కువ కొడతారు. వారం రోజులు ఆకు నిగనిగలాడిపోతుంది. కొన్నవాడు ఊరు చేరేసరికి అంచులు మాడతాయి. మూడు రోజుల్లో మెరిసిందంటే నాకు అదే గుర్తొచ్చింది. నాకేం తెలుసులే, నేను డాక్టర్నా.

ఆ ట్యూబు పేరేంటో రాయి. ఇంకో మాట. మొహం అంత బాగుంటే మళ్లీ ఉత్తరమెందుకు? నిన్న వీడియో కాల్ చేశాను. ఎత్తలేదేం?

బేబి

~

నరసాపురం,
కార్తీక సోమవారం.

అక్కా,

ఇన్నాళ్లు జవాబు రాయలేదు. రాయడానికి కూర్చుంటే ఏం రాయాలో తోచేది కాదు. లేస్తాను, వంటింట్లోకి వెళతాను, ఎందుకు వెళ్లానో మర్చిపోయి మళ్లీ వస్తాను.

ఆ ట్యూబు రాస్తేనే నా మొహం మొహంలా ఉంటుంది. రెండు రాత్రులు మానేశానంటే చెంపలు ఎర్రగా కందిపోయి, మంట పుట్టి, చీముతో ఇదివరకటికి రెట్టింపు లేస్తాయి. భయపడి మళ్లీ రాస్తాను. మళ్లీ అణుగుతాయి. కానీ అణిగిన మొహం కూడా ఇప్పుడు నాది కాదు. చర్మం ఉల్లిపొరలా అయింది. సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తున్నాయి. చెంపల మీద నూగు వస్తోంది. పొయ్యి దగ్గర నిలబడలేను. పట్టపగలు వీధిలోకి వెళితే ఎవరో చెంపలకి కారం రాసినట్టు ఉంటుంది. పౌడరు అద్దుకుని, కొంగు ముందుకి లాక్కుని క్యారేజీ తీసుకెళుతున్నాను.

ఆయన ఇంకా అలాగే చెయ్యి చూపిస్తున్నారు. "మా ఆవిడండి." కొంచెం దూరంలో నిలబడితే ఎవరికీ తెలియదు. నేను దూరంగానే నిలబడుతున్నాను.

చెబుదామని ఒకసారి నోరు తెరిచాను. "ఏమండీ, ఈ మందు మానేస్తే..." అన్నాను. "మానేయడం ఎందుకు, షాపు నిండా ఉంది కదా" అని నవ్వారు. ఆ రోజు చాలా సంతోషంగా ఉన్నారు. గున్నేశ్వరరావుగారు ఈయన్ని భుజం తట్టి, ద్రాక్షారామంలో పెట్టబోయే కొత్త షాపు నువ్వే చూసుకుందువుగాని అన్నారట. ఆ సంతోషం మీద నీళ్లెలా పోయను? ఆ షాపు కూడా నా మొహం చూసే ఇస్తున్నట్టుంది నాకు.

ఇంకోటి. నిన్న చిన్ని పుస్తకాల సంచిలో అదే ట్యూబు చూశాను. ఎన్నాళ్ల నుంచే అంటే, "దసరా నుంచి వదినా, అన్నయ్యే ఇచ్చాడు" అంది. దానికి పద్దెనిమిదేళ్లు. ఉన్నవి నాలుగు చిన్న చిన్న మొటిమలు. పెట్టె మీద ఎర్ర గీత ఉంటే ఏంటని అడిగాను. చదివి చెప్పింది, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని ఉందట.

నాకు ఏం చెయ్యాలో తెలియడం లేదు.

లోవ

~

కడియం,
కార్తీకంలోనే. నీ ఉత్తరం అందిన మూడో నాడు.

లోవా,

ముందు నా సంగతి విను. పిల్లలు పుట్టాక నాకు పోయాయని రాశానే, పోలేదు. నాకు ముప్పై ఆరు. పెద్దాడు నా భుజం దాటాడు. ఇప్పటికీ నా గడ్డం నిండా మొటిమలే. నర్సరీలో ఎండకి అందరం మొహానికి కండువా కట్టుకుంటాం కదా, ఎవరికీ తెలియదు. వీడియో కాల్‌లో నేను ఎప్పుడూ ఫోను పైకెత్తి పట్టుకుంటా, చూశావా? నుదురే కనిపిస్తుంది నీకు. నువ్వు ధైర్యంగా ఉండాలని అలా రాశాను. ఇప్పుడు అలా రాస్తే కుదరదు.

నీ ఉత్తరం చదివి నేనే రాజమండ్రి పెద్దాసుపత్రికి వెళ్లాను. క్యూలో నాకంటే పెద్దవాళ్లు కూడా ఇదే పని మీద ఉన్నారు! ఒకావిడ మునిసిపల్ స్కూలు టీచరు. నన్ను చూసి నవ్వింది, నేను ఆవిడని చూసి నవ్వాను.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నా. మొటిమలకీ పెళ్లికీ సంబంధం లేదట. ముప్పైల్లో, నలభైల్లో కూడా వస్తాయట, ఆడవాళ్లకి మరీను. ఒంట్లో హార్మోన్లు హెచ్చుతగ్గులైతే చర్మంలో జిడ్డు ఎక్కువ ఊరి, బయటికి దారి మూసుకుపోయి లోపలే వాస్తుందట. దవడ కింద గోళీల్లా వచ్చేవి చాలావరకు ఆ బాపతేనట. "మొహం మురికిగా ఉండి రావమ్మా, గట్టిగా రుద్ది కడగకు" అంది. సబ్బు తక్కువ ఘాటుది వాడమంది. మందు పనిచేసిందో లేదో తెలియడానికే రెండు మూడు నెలలు పడుతుందట. నేను నీళ్లు నమిలి, మా చెల్లికి మూడు రోజుల్లో తగ్గిందండీ అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి నా వంక చూసింది. "మూడు రోజుల్లో తగ్గించేది మొటిమల మందు కాదమ్మా. స్టెరాయిడ్ కలిసిన క్రీము. మొటిమని తగ్గించదు, అణిచిపెడుతుంది. ఆ అమ్మాయిని తీసుకురా. భయంతో ఒక్కసారిగా మానేయొద్దని చెప్పు" అంది.

కార్తీకమాసం. అక్కతో ద్రాక్షారామం భీమేశ్వరస్వామి దర్శనానికి వెళతానంటే మీ అత్తగారు కాదనదు. దర్శనం నిజంగానే చేద్దాం, అబద్ధం అక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే రాజమండ్రి. ట్యూబు పట్టుకురా.

బేబక్క

~

నరసాపురం,
కార్తీకం వెళ్లింది.

అక్కా,

బస్సు కిటికీ బయట నువ్వు చెయ్యి ఊపుతుంటే అరిచి చెప్పాలనిపించింది. చెప్పలేదు. అందుకే ఇంటికొచ్చి రాస్తున్నాను.

నువ్వు మందుల చీటీ కోసం బయట నిలబడ్డప్పుడు డాక్టరమ్మ "ఏం రాస్తున్నావమ్మా?" అని నన్నే అడిగింది. "ఏమీ రాయడం లేదండి" అన్నాను. ట్యూబు నా చేతిసంచిలోనే ఉంది. "మీ ఆయన ఏం చేస్తారు?" అంది. మెడికల్ షాపు అని నోటిదాకా వచ్చి, "పొలం పనులండి" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. మా పొలం ఎక్కడుందమ్మా!

ఆవిడ నా చెంప మీద లైటు వేసి చూసింది. "ఏమీ రాయని చర్మం ఇలా ఉండదు. నాకు పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు" అంది. తిట్టలేదు. బలం తక్కువ పూత ఒకటి ఇచ్చి, దాన్ని కూడా నెమ్మదిగా ఎలా మానాలో చెప్పింది. మధ్యలో మొహం భగ్గుమంటుందట, భయపడొద్దంది. అప్పటిదాకా మెత్తటి సబ్బు, చర్మం ఎండకుండా ఒక క్రీము, ఎండకి ఒక క్రీము, అంతే. మొహం కాస్త కోలుకున్నాక అసలు మొటిమల మందు ఇస్తానంది. నెలసరి గురించి అడిగి రక్తపరీక్ష, స్కానింగు రాసింది. రెండింటికీ మూలం ఒకటే కావచ్చట. "పిల్లల కోసం చూస్తున్నారా?" అంది. తలూపాను. "సిగ్గుపడకు. కొన్ని మొటిమల మందులు కడుపుతో ఉన్నవాళ్లు వాడకూడదు, అందుకే అడిగాను. దానికి తగ్గట్టే ఇస్తాను" అంది. పిల్లలు కావాలని ఒక పరాయి మనిషి దగ్గర ఒప్పుకోవడం నాకు అదే మొదటిసారి.

నేను లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి, "ఆ ట్యూబు నీకు ఎవరిచ్చారో వాళ్లకి చెప్పమ్మా, ఇంకెవరికీ ఇవ్వొద్దని" అంది.

ఆ మాట నాతోపాటే ఇంటికొచ్చింది. అన్నం వండుతుంటే పక్కనే ఉంటోంది. లేసు అల్లుతుంటే అల్లిక తప్పుతోంది. తప్పిన పువ్వు విప్పి మళ్లీ అల్లుతున్నాను. చిన్ని కాలేజీ నుంచి వచ్చి, "వదినా, ప్రేయర్‌లో నిలబడితే చెంపలు మండిపోయాయి" అంది. నేను కొబ్బరినూనె డబ్బా వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

లోవ

~

కడియం.

లోవా,

పొలం పనులట! చదివి నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.

మీ ఆయన పరువు నీ చెంపల మీద ఎన్నాళ్లు మోస్తావు? నీ మొహం పాడైతే నీ ఇష్టం అనుకుందాం. చిన్నిది కూడా నీ ఇష్టమేనా? ఆయన చెడ్డవాడై ఇవ్వలేదు, తెలియక ఇచ్చాడు. నీకు తెలిసీ ఊరుకుంటే?

నోరు రాకపోతే చేత్తో చెప్పు. ఏదోలా చెప్పు. సంక్రాంతి లోడ్లయ్యాక నేనొస్తే మాత్రం వీధి అంతా వినేలా చెబుతా.

బేబి

~

నరసాపురం,
పుష్య మాసం.

అక్కా,

చెప్పాను.

ట్యూబు మానినందుకు డాక్టరమ్మ అన్నట్టే మొహం భగ్గుమంది. పౌడరు నిలవలేదు. తలనొప్పి అని చెప్పి క్యారేజీ చిన్ని చేత పంపించాను. సాయంత్రం ఆయన వచ్చి, "రేపు నువ్వే రా లోవా, భీమవరం నుంచి గున్నేశ్వరరావుగారి చుట్టాలు వస్తున్నారు, వాళ్లమ్మాయికి చూపించాలి" అన్నారు. ఆయనకి వెలుగు పడకుండా గోడ వైపు తిరిగి ఉన్నాను. ఎంత ప్రయత్నించినా మాట రాలేదు. నువ్వు రాసింది గుర్తొచ్చింది. ఆయన చెయ్యి తీసుకుని నా చెంప మీద పెట్టుకున్నాను.

"జ్వరమా?" అన్నారు.

"కాదండి. ట్యూబు."

లైటు వేశారు. చూశారు. మొదట ఆయన మొహంలో కనిపించింది కోపం కాదు అక్కా, భయం. తర్వాత కోపం వచ్చింది. నేను రాజమండ్రి డాక్టరు దగ్గరికి వెళ్లానని చెప్పగానే. "నాకు చెప్పకుండానా? నేను మందుల షాపులో ఉండగా నా పెళ్లాం వేరే ఊరెళ్లి చూపించుకుందా? మందు గురించి నాకు తెలియదా? ఎంతమందికి తగ్గిందో తెలుసా నీకు?" అన్నారు. "తగ్గినవాళ్లు మళ్లీ కొనుక్కోవడానికి వస్తున్నారా లేదా అండి?" అన్నాను. ఆ మాట నేనే అన్నానా అని ఇప్పటికీ అనుమానంగా ఉంది. ఆయన చూపు తిప్పుకున్నారు. ఎందుకంటే వస్తున్నారు. వచ్చినవాళ్లే వస్తున్నారు.

"చిన్ని కూడా రాస్తోందండి" అన్నాను. చిన్నిని పిలిచారు. లైటు కింద నిలబెట్టి దాని మొహం అటూ ఇటూ తిప్పి చూశారు. అది "ఏంట్రా అన్నయ్యా, ఏమైందిరా?" అంటూ ఏడుపు మొదలుపెట్టింది. అత్తయ్య వసారాలోంచి తెర తీసి చూసింది. ఆయన దుప్పటీ తీసుకుని అరుగు మీదకి వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచి అక్కడే పడుకుంటున్నారు. నాతో మాట్లాడటం లేదు. అత్తయ్య ఆ అరుగు వైపు చూస్తుంది, నా వైపు చూస్తుంది. చూసీ చూసీ నిన్న సుబ్బాయమ్మగారితో ఏదో అంటోంది. నేను రాగానే ఆపేశారు. అప్పుడు పేరంటంలో నవ్వులాటకి అన్న మాట ఇప్పుడు నిజమైపోయినట్టుంది.

మంచి పనే చేశాననుకుంటున్నాను. కానీ కాలు ఒకచోట నిలవడం లేదు.

లోవ

~

కడియం,
సంక్రాంతి లోడ్లు అయిపోయాయి.

లోవా,

బంగారంలాంటి పని చేశావు. అరుగు మీద చలికి ఎన్నాళ్లు పడుకుంటాడు? దోమలు లోపలికి తోలతాయిలే.

నాకు పాతవి మానుతున్నాయి, కొత్తవి తక్కువ వస్తున్నాయి. పూర్తిగా పోలేదు. అయినా నిన్న కండువా లేకుండా టీ కొట్టు దాకా వెళ్లి వచ్చాను. ఆ కండువా ఎందుకూ పనికిరాకుండా పోయిందిలే. డాక్టరమ్మ ఇచ్చిన పూత తగిలితే రంగు బట్టలు వెలిసిపోతాయట, ముందే చెప్పింది, నేను వినిపించుకోలేదు. ఎర్ర కండువా మీద నా గడ్డం అచ్చు పడింది! నీకూ అదే మందు ఇస్తే తెల్ల దిండు గలేబు వేసుకో. లేసు దారం ఎలాగూ తెల్లదే, దానికేం భయం లేదు.

బేబి

~

నరసాపురం,
మాఘ మాసం, రథసప్తమి వెళ్లాక.

బేబక్కకి,

ఈసారి చాలా సంగతులున్నాయి. పాలు పొయ్యి మీద పెట్టి రాస్తున్నాను, పొంగితే నీదే పూచీ.

నేను రెండోసారి డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరిన రోజు, స్టేషన్‌కి ఆటో మాట్లాడుకుంటుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. చిన్నినీ కూర్చోబెట్టారు. రైల్లో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. డాక్టరమ్మ "ఈయన?" అంటే నేను నోరు తెరిచేలోపే, "ఆ ట్యూబు ఇచ్చింది నేనేనండి" అన్నారు. ఆవిడ నా వంక చూసి, "పొలం పనులన్నావు?" అంది. చిన్ని ఫక్కున నవ్వింది. నేను భూమిలోకి పోయాను. ఆవిడ ఆయన్ని పది నిమిషాలు కూర్చోబెట్టి చెప్పింది. ఆయన "ఆయ్, ఆయ్" అంటూ తలూపారు. చిన్నిది అంత ముదరలేదట, మానితే కోలుకుంటుందట. నా స్కానింగులో అండాశయాల మీద చిన్న చిన్న బుడగల్లా ఉన్నాయట. చాలామందికి ఉండేదేనట, దానికీ మందు మొదలుపెట్టింది. పిల్లలు పుట్టరని కాదు, భయపడకు అని ఆయన్ని చూస్తూ చెప్పింది. మొటిమలకి నీకిచ్చిన పూతే ఇచ్చింది.

షాపులో ఆయన ఆ ట్యూబులు అడిగినవాళ్లకి డాక్టరు చీటీ తెమ్మంటున్నారు. ఒకమ్మాయి "మీ ఆవిడకి తగ్గిందన్నారుగా?" అందట. "లేదండి. అణిగింది, తగ్గలేదు. నేను చెప్పింది తప్పు" అన్నారట. పక్కనే ఉన్న చిన్ని వచ్చి చెప్పింది. గున్నేశ్వరరావుగారికి కోపం వచ్చింది. ద్రాక్షారామం షాపు మాట మళ్లీ ఎత్తడం లేదు. రాకపోవచ్చు. ఆ రోజు ఆయన నా దగ్గరికి వచ్చి, "క్యారేజీ మళ్లీ నువ్వే తీసుకురా" అన్నారు. "ఈ మొహంతోనా అండి?" అన్నాను. "మరింకే మొహంతో తెస్తావు?" అన్నారు. దుప్పటీ అరుగు మీద నుంచి లోపలికి వచ్చింది. దోమల వల్ల కాదులే.

ఇక అసలు సంగతి. మా పెళ్లిరోజుకి ఆయనకి కొన్న నీలం చొక్కా ఒకటి ఉంది. సోమవారం ఉతుకుతుంటే ఎడమ భుజం మీద అరచేయంత మేర రంగు పోయి తెల్లగా ఉంది. నీ ఉత్తరం గుర్తొచ్చింది. అది ఎలా అయిందో అడక్కు. గలేబు తెల్లదే వేశాను. చొక్కా సంగతి నాకు తట్టలేదు, అంతే. అత్తయ్య చూసి "బ్లీచింగ్ పొడి పోశావేంటే? కొత్త చొక్కా తగలేశావు!" అంది. నేను దాన్ని మసిగుడ్డల్లోకి దాచేశాను. ఆయన వెతికి మరీ తీసి, ఇస్త్రీ చేయించి తొడుక్కుని షాపుకి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్లాను. కౌంటరు దగ్గర సుబ్బాయమ్మగారు తలనొప్పి మాత్రలు కొంటోంది. "ఏరా అబ్బాయ్, భుజం మీద రంగు పోయిందేంటి?" అంది.

"మా ఆవిడ మొహానికి రాసుకునే మందండి. రంగు బట్టలకి తగిలితే వెలిసిపోతుందట" అన్నారు ఆయన, చిల్లర ఇస్తూ.

"మొహానికి రాసుకునేది నీ భుజానికి ఎలా తగిలిందిరా?"

ఆయన మాత్రలు పొట్లం కట్టారు. "మాత్ర ఏమైనా తిన్నాక వేసుకోండి, పరగడుపున వద్దు" అన్నారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

సుబ్బాయమ్మగారు వెనక్కి తిరిగి నన్ను చూసింది. భుజాన్ని చూసింది. మళ్లీ నన్ను చూసింది. "అలాగా!" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. అత్తయ్య రాత్రి అన్నంలో నాకు ఒక గరిటె నెయ్యి ఎక్కువ వేసింది. డాక్టరమ్మ తగ్గించమందని చెప్పబోయి ఊరుకున్నాను.

ఇవాళ పొద్దున గడ్డం మీద కొత్తది ఒకటి లేచింది. మచ్చలు అలాగే ఉన్నాయి. చెంపల ఎరుపు ఇంకా పోలేదు, నెలలు పడుతుందట. ఉంటే ఉండనీ.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి, ఎత్తుతాను. నువ్వు ఫోను పైకెత్తకుండా తిన్నగా పట్టుకో. నా మొహం ఎలాగూ కనిపిస్తుంది. నీకు ఆ చొక్కా చూపించాలి.

పాలు పొంగాయి.

నీ చెల్లి,
లోవ